టీ వద్దన్న దర్శకుడు

ఇంగ్లండు సముద్రతీరాన ఉన్న కాకిల్‌బీలో గాలి వీచిందంటే సముద్రపు పక్షులు ఎగరడం మానుకుని వీధివెంట నడిచి వెళతాయి. ఒకసారి చర్చి ఫాదరు గారి టోపీ ఇక్కడ ఎగిరి డెన్మార్కులో ఒక జాలరి నెత్తిన దిగిందనీ, అతను మర్యాదస్తుడు కాబట్టి దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి తిరిగి పంపాడనీ చెప్పుకుంటారు. నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. అలాంటి ఊళ్ళో, రెండో ప్రపంచయుద్ధం ముగిసి పదేళ్ళు దాటిన ఒక మే నెలలో, ఒకరోజు గాలి పూర్తిగా పడిపోయి ఎండ కాసింది. ఎండ అలవాటు లేని జనం కోట్లు విప్పాలో వద్దో తెలియక ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఎవడో ఒకడు ముందు విప్పితే బాగుణ్ణని అందరి కోరికా. ఎవడూ విప్పలేదు.

ఆ ఉక్కలోనే డల్సీ ట్రాంటర్ మేయరు మెడలో పదవికి గుర్తుగా వేలాడే ఊరి బంగారు గొలుసు కొట్టెయ్యాలి. అదీ ఊరంతా చూస్తుండగా, ఊరి చేత చప్పట్లు కొట్టించుకుంటూ.

డల్సీ ఒకప్పుడు నాటకాల్లో వెనక వరసలో కాళ్ళెగరేసి గంతులేసిన మనిషి. ఆ తరవాత మారిస్ పెటిఫర్ అనే వెండిజుట్టు పెద్దమనిషితో చేతులు కలిపింది. మారిస్ గొంతు ఎలాంటిదంటే, కుండపోత వానలో నిలబెట్టి ఎండ మండిపోతోందని చెప్పినా ఎదుటివాడు చెమట తుడుచుకోవాల్సిందే. ఆ గొంతు పుణ్యమా అని డల్సీ రెండుసార్లు జైలు చూసింది. రెండోసారి జడ్జి, అక్కడి కోర్టు ఆచారం ప్రకారం నెత్తిన పెట్టుకున్న తెల్లటి విగ్గు చూపించి, "ఇంకొక్కసారి నా ముందుకొచ్చావా, మళ్ళీ బయటికొచ్చేసరికి నీ ఎర్రజుట్టు ఇలా అవుతుంది" అన్నాడు. అప్పట్నుంచీ ఆ విగ్గు ఆమె కలల్లోకి వస్తూనే ఉంది. దానికే కాళ్ళూ చేతులూ ఉన్నట్టు వెంటపడేది.

"ఇదే ఆఖరు" అని మారిస్‌కి ఖరాకండిగా చెప్పి మరీ వచ్చింది కాకిల్‌బీకి.

పథకం మారిస్‌ది. తాము సినిమా కంపెనీ. తీసేది నవ్వుల సినిమా, పెట్టుబడి తక్కువ, కథ మోసగాళ్ళది. ముగ్గురు మోసగాళ్ళు సముద్రపు ఒడ్డున ఒక ఊరికి వచ్చి మేయరు గొలుసు కాజేస్తారు. మేయరుగా ఆ ఊరి మేయరే నటిస్తాడు, గొలుసుగా ఆ ఊరి గొలుసే నటిస్తుంది. దొంగతనానికి వచ్చి, చేసేది దొంగతనమేనని ముందే దండోరా వేసుకోవడం అన్నమాట. కెమెరా లెన్ స్కోబీది. నలభయ్యేళ్ళ మనిషి, మాట తక్కువ, ఒక కన్ను ఎప్పుడూ సగం మూసుకునే ఉంటుంది కాబట్టి కెమెరా వెనక నిలబడితే అచ్చం పనివాడిలా కనిపిస్తాడు. పాతసామాన్ల కొట్లో దొరికిన ఆ కెమెరా పిడి తిప్పితే కాఫీగింజలు నూరినట్టు చప్పుడు. దొరికినప్పుడు లోపల రీలు లేదు. అక్కర్లేదు కూడా.

అసలు పనితనమంతా డల్సీ టోపీపెట్టెలో ఉంది. దానికి అడుగున దొంగ అర. డాన్సు చేస్తూ మేయరు మెడలోంచి గొలుసు తప్పించి అందులో పడేస్తుంది. అది అడుగు అరలోకి జారిపోతుంది. షాటు అయిందనగానే, పై అరలో ముందే పెట్టుకున్న ఇత్తడి నకలు తీసి అందరి ముందూ మేయరు మెడలో వేసేస్తుంది. అంతా చప్పట్లు. సాయంత్రం రైలు.

పొద్దున ఫలహారాల దగ్గరే ఆమెకు మనసు కీడు శంకించింది. బస ఇచ్చిన మిసెస్ క్రాపర్ కాస్త భారీ మనిషి, నోరు అంతకన్నా భారీ. గదులు అద్దెకివ్వడమే కాక ఊళ్ళో పెద్దిళ్ళ బట్టలూ ఉతుకుతుంది. పొగబెట్టిన చేప, నూనెలో వేయించిన రొట్టె ముందుపెట్టి మొదలుపెట్టింది.

"తిను అమ్మడూ, అలా బొమ్మలా కూర్చుంటే ఎట్లా? నీకేం, హాయిగా గెంతుతావు. నా బతుకు చూడు. ఒక పెద్దమనిషి ఉన్నాడు, పేరు చెప్పకూడదనుకో, చలికాలం నుంచీ ఆయన కాలర్లు వెనకవైపు నాచు పట్టినట్టు ఆకుపచ్చ మరకలు. ఉప్పేసి రుద్దా, సోడా వేసి రుద్దా. పోతేనా! మెడ కడుక్కోడేమో మహానుభావుడు!"

"ఆ గొలుసు గట్టిగా పట్టుకుంటే తెగదు కదండీ?" అంది డల్సీ మాట మార్చి.

"తెగడమా! బలేదానివే. వచ్చే వారం కొత్త మేయరు మెడలోకి వెళ్ళేది. దానికి ముందు ఏటా నగలకొట్టు టాపింగు పూర్తిగా విప్పి కడిగి మెరుగుపెడతాడు, ఆనవాయితీ. తెగినా ఆయనే అతుకుతాడులే."

దొంగలకు ఇంతకన్నా తొందరపెట్టే మాట ఉండదు. టాపింగు చేతిలో పడితే నకలు గుట్టు బయటపడుతుంది, కానీ అప్పటికి తాము ఫ్రాన్సులో ఉంటారు. డల్సీని కలవరపెట్టింది అది కాదు. మేయరు హొరేస్ గ్రిమ్‌షా. బట్టలకొట్టు యజమాని, ఎప్పుడూ చెమట పట్టే బొద్దుమనిషి. మారిస్ నోరు తెరిచి అడగడం పూర్తికాకుండానే "తప్పకుండా, తప్పకుండా" అన్నాడు. పూచీ అడగలేదు, కాపలా అడగలేదు. పైగా సాయంత్రం రైలుకి తానే టాక్సీ మాట్లాడిపెట్టాడు.

"ఏరా మారిస్, చేప తనంతట తనే గంపలోకి దూకుతుంటే నీకేం అనిపించదా?" అంది.

"నా గొంతు మహిమ తల్లీ" అన్నాడు మారిస్, మెడ సవరించుకుంటూ.

మధ్యాహ్నం సముద్రంలోకి పొడుచుకుపోయిన చెక్కవంతెన మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ఊరి బ్యాండు వాల్ట్‌జు డాన్సు పాట వాయించింది. తాడు కట్టి జనాన్ని ఆపుతున్నది సార్జెంట్ హెబ్డెన్. నిలువెత్తు మనిషి, పొడుగు మీసం, నవ్వు అనేదాన్ని సెలవురోజులకి దాచుకున్నట్టుంటాడు. మారిస్ నిచ్చెనెక్కి రేకు గొట్టంలోంచి "యాక్షన్!" అని అరిచాడు. లెన్ కాఫీ నూరడం మొదలుపెట్టాడు.

డల్సీ మేయరు చెయ్యి పట్టుకుని తిరిగింది. తిరుగుతూ ఆయన మెడవెనక్కి చెయ్యి పోనిచ్చింది. ఆయన మెడ నూనెడబ్బాలా జారుతోంది. గొలుసు కొక్కెం ఒకసారికి రాలేదు. రెండోసారి కూడా రాలేదు. తాడు అవతల సార్జెంటు కళ్ళు ఆమె వేళ్ళ మీదే ఉన్నాయి. మూడోసారికి వచ్చింది. గొలుసు టోపీపెట్టెలో పడింది. జనం ఈలలు వేశారు.

"కట్!"

డల్సీ నవ్వుతూ పెట్టె తెరిచి నకలు తీసింది, పైకెత్తి ఊరందరికీ చూపించి, మేయరు మెడలో వేసింది. సార్జెంటు గొలుసు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, మళ్ళీ జనాన్ని వెనక్కి తోశాడు. అయిపోయింది! ఇక వీడ్కోలు షాటు అని ఒకటి తీసినట్టు నటించి వెళ్ళిపోవడమే.

సరిగ్గా అప్పుడే వంతెన మొదట్లో గడగడమని చక్రాల చప్పుడు. మిసెస్ క్రాపర్, మహిళా సంఘం వాళ్ళూ టీ బండి తోసుకొస్తున్నారు. రాగి బాయిలరు ఆవిరి కక్కుతోంది. బండి నిండా కప్పులు, ఎండుద్రాక్ష బన్నులు.

నిచ్చెన మీద మారిస్‌కి అది టీలా కనిపించలేదు, అడ్డంకిలా కనిపించింది. గొట్టం ఎత్తి, "టీ వద్దమ్మా, వద్దు! తీసుకెళ్ళండి! ముందు పని!" అన్నాడు.

వంతెన మొత్తం చప్పబడిపోయింది. బ్యాండులో పెద్ద డోలువాడు కొట్టబోయిన దెబ్బ గాలిలోనే ఆపేశాడు.

ఈ దేశంలో బాంబులు పడే రోజుల్లో మంటలార్పేవాళ్ళు కూడా టీ వచ్చిందంటే నీళ్ళగొట్టం కింద పెట్టేవాళ్ళు. మంటలు సైతం మర్యాదగా కాసేపు ఆగేవంటారు. కూలికి పనిచేసేవాడెవడూ టీ బండిని వెనక్కి పంపడు. పంపిన మేస్త్రీ మర్నాడు మేస్త్రీగా ఉండడు. మారిస్‌కి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? పుట్టి బుద్ధెరిగాక ఒక్కపూటైనా జీతానికి పనిచేస్తే కదా!

మహిళా సంఘం వాళ్ళు మొహాలు చిన్నబుచ్చుకున్నారు. సార్జెంట్ హెబ్డెన్ తాడు వదిలి నింపాదిగా ముందుకొచ్చాడు.

"మా బావమరిది లండన్లో సినిమా స్టూడియోలో వడ్రంగి" అన్నాడు. "మేకు సగం దిగి ఉన్నా సరే, టీ బండి గంట వినబడితే సుత్తి వదిలేస్తాడు. అది కాలిమీద పడ్డా లెక్కచెయ్యడు. ఇంతకీ, ఏ కంపెనీ అన్నారండీ మీది?"

అతని కుడిచెయ్యి జేబుకి వేలాడే ఈల మీదికి వెళ్ళింది. డల్సీకి ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ ఈల మోగితే పెట్టె తెరుస్తారు. పెట్టె తెరిస్తే అడుగు అర. అడుగు అర తెరిస్తే తెల్ల విగ్గు.

అంతే, వంతెన చెక్కల మీద దబ్బున చతికిలబడింది. చెప్పులు విప్పి అవతల గిరాటేసింది.

"చూశారా సార్జెంటు గారూ! కళ్ళారా చూశారా మా బతుకు! పొద్దుట్నుంచీ గెంతించి గెంతించి, ఇప్పుడు గుక్కెడు టీ తాగుతామంటే వద్దంట! మనుషులమా, గాడిదలమా? నేను కదలను. లేస్తే ఒట్టు. లెన్! వదిలెయ్ ఆ కెమెరా. యూనియను మనిషివేనా నువ్వు?"

లెన్ సగం కన్ను ఆమెవైపు తిప్పాడు. "యూనియనా?"

"అవును, యూనియనే!" అని పళ్ళు నూరింది.

లెన్‌కి ఆలస్యంగా వెలిగింది. పిడి వదిలేసి, అలక పూనినట్టు చేతులు కట్టుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. జనంలోంచి ఒక కేక. "బాగా చెప్పావ్ అమ్మడూ!" అని మిసెస్ క్రాపర్. "టీ ఇవ్వకపోతే దించండి వాణ్ణి కిందికి!" అని డోలువాడు. మారిస్ నిచ్చెన మీద గొట్టం దించి, "క్షమించాలి, క్షమించాలి. నిర్మాతలు నా నెత్తిన కూర్చుంటారు, ఏం చెయ్యను! టీ తాగండి, అందరూ తాగండి" అన్నాడు.

సార్జెంటు చెయ్యి ఈల మీంచి దిగింది. దిగి పూర్తిగా కిందికి పోలేదు, బెల్టు దగ్గర ఆగింది.

మిసెస్ క్రాపర్ డల్సీని చెయ్యిపట్టి లేపి మేయరు పక్క బల్ల మీద కూర్చోబెట్టింది, చేతిలో కప్పు పెట్టింది, వద్దంటున్నా ఒళ్ళో బన్నులు కుప్పపోసింది. తినే ఓపిక లేక డల్సీ వాటిని టోపీపెట్టె పై అరలో వేసుకుంది.

"మీరిక బయలుదేరితే మంచిదేమో" అన్నాడు మేయరు గొంతు తగ్గించి. "టాక్సీ సిద్ధంగా ఉంది. సామాను నేను ఎక్కిస్తాగా. ఆ పెట్టె... జాగ్రత్త."

ఎండకు ఆయన ఉడికిపోతున్నాడు. చేతిరుమాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆఖరికి చుట్టూ చూసి, సిగ్గు విడిచి, కాలరు గుండీ విప్పి కాస్త వెనక్కి లాగాడు.

డల్సీ కప్పు దించి అటు వంగింది.

కాలరు లోపలివైపు, మెడవెనక, ఆకుపచ్చ మరక. నాచు పట్టినట్టు.

తమ ఇత్తడి నకలు ఆయన మెడకెక్కి ఒక కప్పు టీ కూడా కాలేదు. ఇంతలో చిలుము మరక దిగదు. ఇది నెలల తరబడి ఊరిన మరక. మిసెస్ క్రాపర్ ఉప్పేసి రుద్దిన మరక. చలికాలం నుంచీ ఈ మెడలో వేలాడింది బంగారం కాదు!

మిగతాది ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, అదే వృత్తి కదా. బంగారం ఎప్పుడో అమ్ముకుతిన్నాడు. వచ్చే వారం టాపింగు చేతికి వెళ్ళాలి. ఈలోగా దాన్ని ఎవరో ఒకరు కాజెయ్యాలి. దొంగలు కావాలి. దొంగలమని చెప్పుకుంటూ ఒక సినిమా కంపెనీ నడిచొచ్చింది! రైలు అలా కదలగానే "దొంగలు, దొంగలు" అని ఈయనే గోల పెడతాడు, తరవాతి స్టేషనులో పోలీసులు నిలబడి ఉంటారు. లేని బంగారం దొంగిలించినందుకు తాను విగ్గు ముందుకు వెళ్ళాలి. పోనీ పెట్టె ఇక్కడే వదిలేసి పోతే? టాపింగు విప్పగానే ఇత్తడి. అప్పుడూ మార్చేసింది సినిమావాళ్ళే. తీసుకెళ్ళినా జైలు, తిరిగిచ్చినా జైలు.

టీ ఇంకా సగం ఉంది కప్పులో. ఈ టీ అయ్యేలోపు ఏదో ఒకటి చెయ్యాలి.

"మేయరు గారూ" అంది, బన్ను కొరుకుతూ, నవ్వుమొహంతోనే. "మీ కాలరుకు నాచు పట్టింది."

ఆయన చెయ్యి గబుక్కున మెడకు పోయింది.

"కప్పుకోకండి, సార్జెంటు చూస్తున్నాడు. నవ్వండి. ఆఁ, అలా. గుర్రాలా, పేకాటా?"

"గు... గుర్రాలు" అన్నాడు మేయరు నవ్వుమొహంతో. నవ్వు మీద చెమట కారింది. "మీరు మాత్రం తక్కువ తిన్నారా? ఆ పెట్టెకు అడుగు అర ఉందని నాకు తెలియదనుకున్నావా? ఇప్పుడు అరిచానంటే..."

"అరవండి. నేను మిసెస్ క్రాపర్‌ని పిలుస్తా. చలికాలం నుంచీ మీ కాలర్లు రుద్దిన చేతులు ఆవిడవి. ఆవిడ నోరు ఒకసారి తెరుచుకుంటే మళ్ళీ మూతపడుతుందా చెప్పండి? ఇద్దరం కలిసే వెళ్దాం, జైల్లో నాకు తెలిసిన గదులున్నాయి, గాలి వెలుతురు ఉన్నది చూసి మీకు ఇప్పిస్తా."

మేయరు కప్పు కిందపెట్టాడు. చూసేవాళ్ళకు ఇద్దరూ పెళ్ళిలో వియ్యంకుల్లా కబుర్లాడుకుంటున్నట్టే ఉంది.

"ఏం చెయ్యమంటావు?"

"గొలుసు అనేదే లేకుండా పోవాలి. ఎవరూ తియ్యకుండా పోవాలి. ఇంకోసారి డాన్సు చేద్దాం. అంచు దగ్గరికి రాగానే మీరు సరదాగా గొలుసు మెడలోంచి తీసి వేలికి పెట్టి తిప్పుతారు. జారి సముద్రంలో పడుతుంది."

"నేనా? అంతమందిలోనా? నాకు నటన చేతకాదమ్మా!"

"చలికాలం నుంచీ చేస్తున్నదేంటి మరి?"

డల్సీ లేచి, "దర్శకుడు గారూ! మేయరు గారి మొహం మీద ఇందాక నీడ పడిందట. ఇంకోసారి తియ్యాలట!" అని అరిచింది. రైలుకి టైమవుతోందని మారిస్ కళ్ళతో ఏడ్చాడు. ఆమె కళ్ళతోనే కాల్చింది. పాతికేళ్ళ సావాసం, ఆ చూపుకు అర్థం అతనికి తెలుసు. నిచ్చెనెక్కాడు.

బ్యాండు మళ్ళీ మొదలైంది. ఒక చుట్టు తిరిగారు. ఇంకో చుట్టు. అంచు దగ్గరికొచ్చారు. మేయరు గొలుసు తీశాడు, వేలికి పెట్టాడు. అక్కడే బిగుసుకుపోయాడు. వేలు తిరగడం లేదు. కళ్ళు తేలేశాడు.

"తిప్పండి" అంది పెదవులు కదపకుండా.

"నా వల్ల కాదు."

"తిప్పవయ్యా మగడా!"

సార్జెంటు తాడు దాటాడు. "మేయరు గారికి ఒంట్లో బాగాలేనట్టుంది" అంటూ వస్తున్నాడు. చెయ్యి మళ్ళీ ఈల మీద. ఇంకాస్త దగ్గరికొస్తే మేయరు అతని కాళ్ళ మీద పడి అంతా కక్కేస్తాడని ఆమెకు అర్థమైంది. ఆ మొహం కక్కేసే మొహం. జైల్లో అలాంటివి చాలా చూసింది.

డల్సీ కాలెత్తింది. నాటకాల్లో నేర్చిన కాలు. మడమ తెచ్చి మేయరు బొటనవేలి మీద బలమంతా పెట్టి దించింది.

మేయరు పెట్టిన కేకకు, అంటే నమ్మరు గానీ, మూడు మైళ్ళ దూరంలో లైటుహౌసు అతను దీపం వెలిగించాడట, ఏదో ఓడ మునుగుతోందనుకుని. రెండు చేతులూ ఆకాశానికి లేచాయి. గొలుసు వేలినుంచి ఎగిరి, ఎండలో ఒక్కసారి మెరిసి, వంతెన అంచు దాటి సముద్రంలో పడింది.

సార్జెంటు అంచు దగ్గరికి పరుగెత్తి బూట్లు విప్పడం మొదలుపెట్టాడు. ఒకటి విప్పాడు. అతను దూకితే, దొరికితే!

"ఒరే హెబ్డెనూ, ఆగరా!" మిసెస్ క్రాపర్ అతని బెల్టు పట్టుకుంది. "ఆ నీళ్ళ కింది బురద గుర్రంతో సహా బొగ్గుబండిని మింగింది, మా నాన్న చూశాడు. నిన్ను మింగడం దానికొక లెక్కా? మీ ఆవిడకు నేనేం చెప్పుకోను!"

సార్జెంటు నీళ్ళ వంక చాలాసేపు చూశాడు. మళ్ళీ బూటు తొడుక్కున్నాడు.

మేయరు చెక్కల మీద కూర్చుని భోరున ఏడ్చాడు. అది నటన కాదు. సగం బొటనవేలు, సగం గట్టెక్కిన సంబరం. జనం కరిగిపోయారు. పాపం, పాపం అన్నారు. ఆ జాలి చూస్తే డల్సీకి ఒళ్ళుమండింది. మారిస్ చేతిలో గొట్టం లాక్కుంది.

"అయ్యలారా, అమ్మలారా! మేయరు గారు దుఃఖంలో మాట్లాడలేకపోతున్నారు. ఆయన నా చెవిలో చెప్పారు: తన చేతిలోంచి పోయింది కాబట్టి కొత్త గొలుసు, అచ్చమైన బంగారంతో, తన సొంత డబ్బుతో చేయిస్తారట! టాపింగు గారే చేస్తారట!"

టోపీలు గాల్లోకి లేచాయి. "హిప్ హిప్ హుర్రే" అని మూడుసార్లు అరిచారు. మేయరు ఏడుపు ఆగిపోయింది. ఆమె వంక చూసిన చూపుకు మనుషులు చచ్చేవాళ్ళయితే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

స్టేషనులో రైలు ఆవిరి వదులుతోంది. మారిస్, లెన్ ఎక్కేశారు. డల్సీ మెట్టు మీద కాలు పెట్టబోతుంటే, "ఒక్క నిమిషం, అమ్మగారూ" అని వెనకనుంచి గొంతు.

సార్జెంట్ హెబ్డెన్. పరుగున వచ్చినట్టు మీసం చెమటతో తడిసి ఉంది.

"ఆ పెట్టె ఇలా ఇవ్వండి, నేను ఎక్కిస్తా."

ఇవ్వక తప్పలేదు. అందుకుని, చేత్తో బరువు తూచాడు. ఇంకోసారి తూచాడు.

"టోపీ ఇంత బరువా?"

గార్డు జెండా విప్పుతున్నాడు. "తెరిచి చూసుకోండి" అంది డల్సీ.

సార్జెంటు మూత తీశాడు. లోపల నిండా ఎండుద్రాక్ష బన్నులు. వాటిలోకి వేళ్ళు పోనిచ్చాడు. వేళ్ళు కిందికి దిగాయి. ఆగాయి. ఒక బన్ను తీసి, కొరికి, నములుతూ చాలాసేపు ఆలోచించాడు.

"క్రాపరమ్మవి" అన్నాడు. "అదీ సంగతి. ఇవి నాలుగు తిని దూకి ఉంటే గొలుసు కంటే ముందు నేనే అడుక్కి చేరేవాణ్ణి." మూత పెట్టి పెట్టె అందించాడు. "ఇందాక మిమ్మల్ని అనుమానించాను, ఏమీ అనుకోకండి. మీవాడు టీ వద్దన్నప్పుడు ఈల నోటిదాకా వచ్చింది. మీరు కూర్చున్నారు చూడండీ, అప్పుడు నమ్మాను, మీరు పనిచేసి బతికేవాళ్ళేనని."

రైలు కదిలింది. ఊరు కనుమరుగయ్యేదాకా డల్సీ చెయ్యి ఊపుతూనే ఉంది.

"ఇత్తడి గొలుసుతో వచ్చాం, ఇత్తడి గొలుసుతో పోతున్నాం" అన్నాడు మారిస్ నీరసంగా. "లాభం బన్నులు."

"బయట ఉన్నాం. అదీ లాభం" అంది.

లెన్ గొంతు సవరించుకున్నాడు. అతను గొంతు సవరించుకుంటే ఏదో ముంచుకొచ్చినట్టే. "మీతో ఒక మాట చెప్పాలి. కెమెరాలో రీలు ఉంది."

"ఏంటీ?"

"ఊరికే తిప్పుతుంటే వెలితిగా అనిపించింది. అందుకని కొన్నాను. అంతా వచ్చింది. టీ దగ్గర పిడి వదిలేశా గానీ, అందులో స్ప్రింగు ఉంటుందిగా, అదే తిరుగుతూ ఉంది."

మారిస్ రీలు కిటికీలోంచి పారెయ్యబోయాడు. డల్సీ అతని చెయ్యి పట్టుకుంది. కోర్టులో చూపిస్తే అది సాక్ష్యం. సంగీతం వేసి సినిమాహాల్లో చూపిస్తే నవ్వులు. సాక్ష్యాన్ని టిక్కెట్టు కొనుక్కుని చూసేవాణ్ణి ఎవరూ సాక్షి అనరు.

ఆ చలికాలంలో అది పెద్ద సినిమాకు ముందు వేసే చిన్న సినిమాగా దేశమంతా తిరిగి కాకిల్‌బీకి వచ్చింది. డల్సీ తలకు స్కార్ఫు కట్టుకుని, ఉండబట్టలేక వెళ్ళి, వెనక వరసలో కూర్చుంది. హాలు కిక్కిరిసింది. రెండు వరసల ముందు సార్జెంట్ హెబ్డెన్, భార్యతో. మేయరు మెడలోంచి గొలుసు జారుతుంటే పడీపడీ నవ్వాడు. నవ్వు దాచుకునే మనిషి, ఆ రోజు సెలవేమో. బొటనవేలి కేకకు కళ్ళు తుడుచుకున్నాడు.

అంతలో మారిస్ తెరమీద గొట్టం ఎత్తి టీ బండిని వెనక్కి పొమ్మన్నాడు. ఎడిటింగు చేసినవాడు ఆ ముక్కను చివరికి అతికించాడు.

నవ్వులు ఆగిపోయాయి. సార్జెంటు ముందుకు వంగాడు. అతని వీపు బిగుసుకోవడం వెనకనుంచి ఆమెకు కనబడింది. ఈల మీద చెయ్యి ఉందో లేదో చీకట్లో తెలియలేదు.

సార్జెంటు తల అడ్డంగా ఊపాడు.

"అంతా బాగా తీశారు గానీ, ఇది మాత్రం నమ్మశక్యంగా లేదే" అన్నాడు భార్యతో, ఆ రోజు తన కళ్ళముందే జరిగిందన్నది మరిచిపోయి. "ఇంగ్లండులో టీ వద్దనేవాడు ఉంటాడా ఎక్కడైనా! మరీ కట్టుకథ."

డల్సీ స్కార్ఫు కిందికి చెయ్యి పోనిచ్చి జుట్టు తడుముకుంది. రంగు చేతికి తెలియదు గానీ, ఇంకా ఎర్రగానే ఉన్నట్టనిపించింది.